అప్‌డేట్: పచ్చి తెల్లగడ్డ తిన్నాక వచ్చే వాసన గురించి

రక్తపోటు కోసం పరగడుపున పచ్చి తెల్లగడ్డ తింటున్నానని, మధ్యాహ్నమైనా వదలని వాసనతో తిరుపతి గాంధీ రోడ్డులోని బట్టల దుకాణంలో కొనేవారికి ఎదురుగా కూర్చోలేకపోతున్నానని ఇదివరకు అడిగాను. బదులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పళ్లు తోమడం, యాలకులు నమలడం కాసేపే పనిచేశాయి. తెల్లగడ్డలోని గంధక సమ్మేళనాల నుంచి పుట్టే అల్లైల్ మిథైల్ సల్ఫైడ్ రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల ద్వారా గంటల తరబడి బయటికి వస్తూనే ఉంటుంది కనుక నోటిని ఎంత కడిగినా ఫలితం అంతంతమాత్రమే. మీలో ఒకరు చెప్పినట్టు రెబ్బలతో పాటే ఆపిల్ ముక్కలు గానీ, పుదీనా ఆకులు గానీ నమిలినప్పుడు మాత్రం తేడా స్పష్టంగా తెలిసింది. పాలు కూడా మేలే, అయితే తర్వాత తాగేకన్నా తెల్లగడ్డతో కలిపి తీసుకుంటేనే ఎక్కువ గుణం. ఆపిల్ ధర చూశాక నేను పుదీనాతోనే సరిపెట్టుకున్నాను.

కడుపులో మంట మొదలవడంతో ఇప్పుడు ఇడ్లీ తిన్న తర్వాతే, రెబ్బను నలిపి పది నిమిషాలు ఉంచి తింటున్నాను. నలిపితేనే తెల్లగడ్డ గుణానికి కారణమని చెప్పే అల్లిసిన్ అనే గంధక సమ్మేళనం తయారవుతుంది. దీనివల్ల రక్తపోటు తగ్గేది కొద్దిగానేనని, మాత్రలు మానకూడదని, రక్తం పలచబరిచే మందులు వాడేవారు, శస్త్రచికిత్సకు వెళ్లేవారు ముందుగా అడిగి తీరాలని మా వైద్యుడు గట్టిగా చెప్పారు. శనివారం మా అత్తగారు ఇంట్లో తెల్లగడ్డ ముట్టనివ్వరు కాబట్టి ఆ రోజు నాకూ, దుకాణంలో వారికీ విరామం.