సమస్య: ‘సగము కర్రతోడ జగము గెలిచె’

సమస్య ఇచ్చినవారు, నల్లకుంట:
ఆటవెలది నాలుగో పాదం ఇది. నవంబరు 24 ‘క్వీన్’ రాక్ బృందం గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ వర్ధంతి కనుక పూరణ ఆయన మీదే ఉండాలి. గాంధీగారి చేతికర్ర మీద అప్పుడే ఒకటి వచ్చింది. అది నిండు కర్ర, చెల్లదు.

తార్నాక నుంచి:
చిన్న సభల నాడు చెలరేగి పాడఁగా
పాట మధ్య కర్ర విరిగిపోయె
పారవేయకుండఁ బట్టి తిప్పినవాఁడు
సగము కర్రతోడ జగము గెలిచె

నల్లకుంట:
కథ బాగా పట్టావు నాయనా. క్వీన్ బృందం తొలినాళ్ళలో మైకు స్టాండు విరిగితే ఆయన పై సగంతోనే పాడేశాడు, అదే ఆయన గుర్తుగా నిలిచింది. కానీ ‘పా’కు ‘వి’తో యతి ఎలా కుదురుతుంది? ‘మైకు కర్ర విరిగె మధ్యలోన’ అను.

మారేడుపల్లి నుంచి:
జాంజిబారునందు జననమందిన పార్సి
పంచగనిఁ జదువుచుఁ బాట నేర్చి
వెంబ్లి సభను నిండు వేల గొంతులఁ గల్పి
సగము కర్రతోడ జగము గెలిచె

నల్లకుంట:
అమ్మా, మూడో పాదం దగ్గర ఆగిపోయాను. 1985 జూలై 13, లండన్ వెంబ్లీ స్టేడియంలో ‘లైవ్ ఎయిడ్’ విరాళాల కచేరీ, సుమారు 72 వేల మంది. ఆయన ఒక ఆలాపన విసిరితే, బుర్రకథలో వంతలు ‘తందాన తాన’ అందుకున్నట్టు స్టేడియమంతా అందుకుంది. ఒక్కటే చిక్కు: పంచగని బడిలో ఆయన నేర్చింది పియానో. ‘పంచగనిఁ బియానొ పట్లు నేర్చి’ అంటే గణాలూ చెదరవు, నిజమూ చెదరదు.

మారేడుపల్లి:
మార్చుకుంటాను గురువుగారూ. ‘పార్సి’ని మాత్రం వదలను. మా బడి అబిడ్స్ తిలక్ రోడ్డులోని అగియారీకి, అంటే పార్సీల అగ్ని ఆలయానికి, దగ్గర. ఫరోఖ్ బల్సారా అన్న అసలు పేరు వినగానే మన వీధి పిల్లవాడిలా తోచాడు. 1991లో అంత్యక్రియలు కూడా జొరాస్ట్రియన్ పద్ధతిలోనే జరిగాయి.

హిమాయత్‌నగర్ నుంచి:
నలువదైదు నిండి నరుఁడు కన్మూసినన్
గొంతు మిగిలె నేటి కుర్రలందు
సరసు దరిని గంచు శాశ్వతమ్ముగ నిల్చి
సగము కర్రతోడ జగము గెలిచె

నల్లకుంట:
‘కంచు’ శ్లేష అదిరింది! జెనీవా సరస్సు ఒడ్డున మాంట్రోలో 1996లో పెట్టిన విగ్రహమూ కంచే, ఆ కంఠమూ కంచే. ఆయనను బలిగొన్న ఎయిడ్స్ మాట మీరూ ఎత్తలేదు. తోటివారు 1992లో ఆ వ్యాధిపై పోరాటానికే ఆయన పేర ట్రస్టు పెట్టారు. దాని మీద ఇంకో పద్యం బాకీ.

రామంతపూర్ నుంచి:
అయ్యా, గాంధీగారి కర్ర నాదే. సగానికి కోసి తెస్తే చెల్లుతుందా?