బెర్రీలు తింటే రక్తపోటు నిజంగా తగ్గుతుందా?

మా నాన్నగారికి రోజూ మాత్ర వేసుకుంటున్నా రక్తపోటు పై అంకె 142 దగ్గరే ఉంటోంది. బెర్రీలకు రంగునిచ్చే ఆంథోసయనిన్లు రక్తనాళాలను సడలిస్తాయని ఎక్కడో చదివి, బ్లూబెర్రీలు మొదలుపెట్టారు. నాకంటే ఆయనకే నమ్మకం ఎక్కువ! 2019లో లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధనలో, రోజుకు 200 గ్రాముల బ్లూబెర్రీలకు సమానమైన పానీయం నెలరోజులు తాగినవారికి పై అంకె సుమారు 5 తగ్గింది. అయితే వాళ్లంతా ఆరోగ్యవంతులు. మందులు వాడేవారిలోనూ అంత తేడా వస్తుందా? గడ్డకట్టించిన పండ్లు తాజావాటిలాగే పనిచేస్తాయా? ఎండువాటిలో చక్కెర కలుపుతారేమోనని నా భయం. మీలో ఎవరైనా కొన్ని నెలలు తిని, ఇంట్లో రక్తపోటు కొలిచి రాసుకుని ఉంటే చెప్పగలరా? మాత్ర మాత్రం మానరు, ఆ విషయంలో ఆయనను ముందే ఒప్పించాను.