గని నీళ్లు వాగుల కలుస్తున్నయి, పీహెచ్ మాత్రం బాగనే ఉంది. ఫిర్యాదు నిలుస్తదా?

ప్రశ్న (మానేరు గట్టు):
ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తవ్వే బొగ్గు గని) ఓబీ గుట్టల మీద, అంటే బొగ్గు పైనుంచి తీసి పోసిన మట్టి కుప్పల మీద, గట్టి వాన పడితే చాలు, కింది వాగు బూడిదరంగు బురదతో పారుతున్నది. పరీక్ష స్ట్రిప్ పెడితే పీహెచ్ (నీటిల ఆమ్లం, క్షారం కొలత) 7.5. కాలుష్యమే లేదని మేనేజ్‌మెంట్ మాట. పీసీబీకి (కాలుష్య నియంత్రణ బోర్డుకు) పోవాలంటే చేతిల ఏముండాలె?

జవాబు (నీటి ల్యాబ్):
పీహెచ్ బాగుందంటే ఆమ్లం లేదని, అంతవరకే. మేఘాలయలో జయంతియా కొండల బొగ్గుకు గంధకం ఎక్కువ. అందులోని పైరైట్‌కు (గంధకం ఉన్న ఇనుప ఖనిజం) గాలి, నీళ్లు తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది, వాగుల్లో చేపలు బతకవు. మన గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ. ఇక్కడి బాధ మట్టితోని, కరిగిన లవణాలతోని. బొగ్గు గని వదిలే నీటికి పీహెచ్ 5.5 నుంచి 9 దాకా చెల్లుతుంది, కానీ టీఎస్ఎస్ (నీటిలో తేలే మట్టి రేణువులు) లీటరుకు 100 మి.గ్రా. దాటొద్దు. మీరు పట్టుకోవాల్సింది ఈ అంకెనే. సల్ఫేట్, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) కూడా చేయించండి.

శాంపిల్ మూడు చోట్ల తీయండి: గని నీళ్ల కాలువ వాగులో కలిసే చోటుకు ఎగువన, కాలువ నోటి దగ్గర, రెండు నీళ్లు బాగా కలిసిపోయిన దిగువన. ఎగువ సీసా లేకపోతే “వానకాలం బురద ఎక్కడైనా ఉంటది” అని ఒక్క మాటతో కొట్టేస్తారు. లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి, అడుగు మట్టి కదలకుండా నింపాలి. నూనె, గ్రీజు పరీక్షకు మాత్రం గాజు సీసా, దాన్ని తొలవొద్దు. ఐసు పెట్టెలో పెట్టి ఆరోజే ల్యాబుకు చేర్చండి.

జవాబు (హనుమకొండ వకీలు):
అన్నా, మీరు తీసిన శాంపిల్ రిపోర్టు ఫిర్యాదుకు బలం ఇస్తది గానీ కోర్టులో సాక్ష్యంగా నిలవదు. 1974 నీటి చట్టం సెక్షన్ 21 ప్రకారం బోర్డు అధికారి గనివాళ్లకు నోటీసు ఇచ్చి, వాళ్ల ముందే శాంపిల్ తీసి, రెండు భాగాలు చేసి, సీలు వేయాలె. అందుకే వరంగల్ ప్రాంతీయ కార్యాలయానికి ఇచ్చే అర్జీలో “సెక్షన్ 21 కింద వాన పడ్డ రోజే శాంపిల్ తీయండి” అని రాయండి. ఎండ రోజు వస్తే నీళ్లు తేటగానే ఉంటయి. బోర్డు కదలకపోతే సెక్షన్ 49 కింద 60 రోజుల నోటీసు ఇచ్చి మీరే కోర్టుకు పోవచ్చు. పొలంల మేట పడితే నష్టపరిహారానికి ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) చెన్నై బెంచి ఉంది, గడువు అయిదేళ్లు.

జవాబు (గని సర్వే):
రూల్స్ బిగిస్తే గనులు మూతపడి కొలువులు పోతయని కొందరు భయపడుతరు గానీ, ఈ విషయంలో అది సరికాదు. కావాల్సిందల్లా గుట్ట చుట్టూ గార్లాండ్ డ్రెయిన్ (వాన నీళ్లు పట్టే కాలువ), అడుగున రాతి గోడ, చివర సెట్లింగ్ పాండ్ (బురద అడుక్కు దిగే చెరువు). పర్యావరణ అనుమతిల ఈ షరతులు మామూలుగా ఉండేవే. తప్పేది పూడికతీత దగ్గర. మే నెలలో తీయకపోతే రెండు పెద్ద వానలకే చెరువు నిండుతది, నీళ్లు ఆగకుండ దుంకుతయి. సన్నని బంకమట్టైతే పటిక వేయంది అసలే దిగదు. అనుమతి పొందినవాళ్లు ఏటా జూన్ 1కి, డిసెంబర్ 1కి అమలు నివేదిక ఇయ్యాలె. దాంట్ల పూడికతీత గురించి ఏం రాసిన్రో చూసి, తేదీ పడేటట్టు పాండ్ ఫొటో తీసి అర్జీకి జతచేయండి.