వెంకటాపురం నుంచి శ్రీశైలం నడక: వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

తుంగభద్ర_రవి
ఈ ఉగాదికి అమ్మ శ్రీశైలం నడిచే వెళ్తానని పట్టుబట్టింది. 58 ఏళ్ళు, షుగర్ ఉంది, కానీ రోజూ పొలానికి నడుస్తుంది. ఆత్మకూరు, వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దారి అనుకుంటున్నాం. రాత్రి ఎక్కడ ఆగితే మంచిది? భీముని కొలను మెట్లు ఆమె ఎక్కగలదా? తిరుగు బస్సులు ఎలా? వీలైతే ముందు అలంపురం చూసి బయలుదేరాలని ఉంది.

రాయచూరు_మల్లి
రవి గారూ, ఉగాదికైతే భయం లేదు. మా కర్ణాటక జనం వేలల్లో నడుస్తారు. భ్రమరాంబ మా ఇంటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు. అందుకే చీర, పసుపు, కుంకుమ పట్టుకుని పుట్టింటివాళ్ళలా వెళ్తాం. మా ఊరి నుంచి కర్నూలు దాకా రోడ్డు మీదే నడక, అక్కడి నుంచి నందికొట్కూరు, ఆత్మకూరు, ఆపైన అడవి. కొందరు కట్టెకాళ్ళ మీద నడుస్తూ వస్తారు, వాళ్ళని చూస్తే మన కాళ్ళ నొప్పి గుర్తుకు రాదు. దారిలో అన్నదానం టెంట్లలో జొన్నరొట్టె, మజ్జిగ, పుచ్చకాయ పెడతారు. తిండి మోసుకెళ్ళొద్దు, నీళ్ళు మాత్రం వదలొద్దు.

పద్మ_నంద్యాల
టెంట్లు, రొట్టెలు అందరూ చెప్తారు. ఆడవాళ్ళకి మరుగు ఎక్కడ? నాగలూటి దాటాక నాకు ఎక్కడా సరైన చోటు కనపడలేదు. నాతో వచ్చినవాళ్ళంతా దాహం వేసినా నీళ్ళు తాగకుండా నడిచారు, ఒకామె కళ్ళు తిరిగి పడిపోయింది. అమ్మగారి పక్కన ఒక ఆడమనిషి తప్పకుండా ఉండాలి. భీముని కొలను దగ్గర ఎక్కడం కన్నా దిగడమే మోకాళ్ళని చంపుతుంది. లోయలోకి నిలువునా దిగి, మళ్ళీ కొండ మీద మెట్లదారి ముగిసే కైలాసద్వారం వైపు నిలువునా ఎక్కాలి. చేతికర్ర కావాలి.

అడవిబాట
జనంలో తోసుకుంటూ పోతే నల్లమల ఏం తెలుస్తుంది? నేను కార్తీకం తర్వాత వెళ్తాను. తెలిసిన మనిషి ఉంటే లోపలి దారుల్లో తీసుకెళ్తాడు. పెచ్చెరువు ఒడ్డున పొద్దున మంచు, జింకలు, ఒక్క మనిషి ఉండడు. సహ్యాద్రిలో, హిమాలయాల్లో ట్రెక్కింగ్ చేసిన అనుభవంతో చెప్తున్నా, దీన్ని మించిన దారి మన దగ్గర లేదు. రవి గారూ, ఉగాది వదిలేసి డిసెంబర్‌లో రండి, నేనే ఏర్పాటు చేస్తా.

ఆత్మకూరు_బాష
అన్నా, ఏం చెప్తున్నావో నీకు తెలుస్తోందా? అది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. పండగ రోజుల్లో తప్ప ఆ దారికి అనుమతి ఉండదు. 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు పెడతారు. నువ్వు కారెక్కి ఊరెళ్ళిపోతావు, ఆ తెలిసిన మనిషి మాత్రం స్టేషన్ చుట్టూ తిరగాలి. వాడు గూడెం కుర్రాడే అయ్యుంటాడు.

అడవిబాట
అడవి ఎవరి సొత్తూ కాదు. పండగకి వేలమంది ప్లాస్టిక్ పారేస్తే లేని తప్పు, ఒక్కడు చప్పుడు చేయకుండా నడిస్తే వచ్చిందా?

ఆత్మకూరు_బాష
ప్లాస్టిక్ పారేసేవాళ్ళనీ తిడతాను. మా వీధి కుర్రాళ్ళం పండగ అయ్యాక బస్తాలకెత్తుతాం. కానీ రెండూ ఒకటి కాదు. పండగప్పుడు దారి పొడుగునా సిబ్బంది, జనం, చప్పుడు ఉంటాయి. జంతువు పక్కకి తప్పుకుంటుంది. నువ్వు ఒంటరిగా పొద్దున్నే నీళ్ళ దగ్గరికి పోతే ఎలుగుబంటికి ఎదురుపడతావు. అది పులికంటే ప్రమాదం, గూడెంలో ఏ పెద్దమనిషినడిగినా చెప్తాడు.

శాసనాల_శర్మ
దారి గొప్పదనం ఎవరూ చెప్పడం లేదు కాబట్టి చెప్తాను. ఈ మెట్లన్నీ రెడ్డిరాజులవి. 14వ శతాబ్దంలో అద్దంకి నుంచి ఏలిన ప్రోలయ వేమారెడ్డి అహోబిలానికీ, శ్రీశైలానికీ మెట్లు కట్టించాడు. క్షేత్రానికి నాలుగు ద్వారాలు: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఇదంతా చదవకుండా నడవడం ఉత్త వ్యాయామం.

లక్ష్మి_గద్వాల
శర్మ గారూ, మెట్లన్నీ అంటే ఒప్పుకోను. గుడి నుంచి కృష్ణ ఒడ్డుకి, అంటే పాతాళగంగకి, దిగే మెట్లు విజయనగర రాణి విఠలాంబ కట్టించినవి, రెండో హరిహరరాయల భార్య. అంత పని చేసిన ఆడమనిషి పేరు ప్రతిసారీ జారిపోతుంది. ఇక చదవని వాళ్ళది వ్యాయామం అంటే మా అమ్మమ్మ నడకకి ఏం పేరు పెడతారు? ఆవిడకి అక్షరం రాదు.

శాసనాల_శర్మ
పాతాళగంగ సంగతి నాకు తెలుసు, నేను మాట్లాడింది కొండదారి గురించి.

లక్ష్మి_గద్వాల
"ఈ మెట్లన్నీ" అని రాశారు, పైన ఉంది. రవి గారూ, అలంపురం తప్పకుండా చూడండి. కర్నూలుకి దగ్గరే. బాదామి చాళుక్యుల నవబ్రహ్మ గుడులు, జోగులాంబ. ఊరి పక్కనే ఉన్న కూడలి సంగమేశ్వర ఆలయం మొదట అక్కడిది కాదు. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోతుందని రాయి రాయి విప్పి తెచ్చి మళ్ళీ కట్టారు. ముచ్చుమర్రి దగ్గరి సంగమేశ్వరం మాత్రం నీళ్ళలోనే ఉంది, మట్టం బాగా తగ్గితే బయటపడుతుంది.

తుంగభద్ర_రవి
అందరికీ థాంక్స్. అమ్మ చెప్పులు లేకుండా నడుస్తానంటోంది. ఎవరూ దాని గురించి చెప్పలేదు.

రాయచూరు_మల్లి
మొక్కు అయితే ఒట్టికాళ్ళతోనే. అమ్మవారే చూసుకుంటుంది.

పద్మ_నంద్యాల
మల్లి గారూ, దయచేసి అలా చెప్పకండి. నేను నర్సుని. షుగర్ ఉన్నవాళ్ళకి అరికాలి స్పర్శ తగ్గుతుంది, బొబ్బ వచ్చినా తెలియదు. ఆ పుండు నెలల తరబడి మానదు. నల్లమల ఆ రోజుల్లో ఆకు రాల్చేసి ఉంటుంది, నీడ ఉండదు, బండలు కాలిపోతుంటాయి. రవీ, మెత్తటి బూట్లు, నూలు మేజోళ్ళు వేయించు. రాత్రి ఆగినప్పుడల్లా కాళ్ళు నువ్వే చూడు. వేళకి తినకపోతే షుగర్ పడిపోతుంది, బెల్లం ముక్క ఆమె కొంగునే ఉండాలి. మొక్కు తీరాలంటే కైలాసద్వారం నుంచి గుడి దాకా చెప్పులు విప్పమను, అక్కడి నుంచి రోడ్డే. ఆ ముక్క కూడా తెల్లవారుజామున నడవాలి.

రాయచూరు_మల్లి
మా నాన్న షుగర్‌తోనే నడిచాడు.

పద్మ_నంద్యాల
మీ నాన్నగారు బాగున్నందుకు సంతోషం. నేను డ్రెస్సింగ్ చేసిన కాళ్ళు వేరు.

ఆత్మకూరు_బాష
పద్మక్క మాట వినండి. రవీ, వెంకటాపురంలో చీకటితోనే బయలుదేరితే ఎండ ముదిరేలోపు నాగలూటి వీరభద్రుడి గుడి. అక్కడ పడుకుని సాయంత్రం పెచ్చెరువు, రాత్రి అక్కడే ఆగండి. మొత్తం దారి 40 కిలోమీటర్లు ఉండొచ్చు, పెద్దామెని తొందరపెట్టొద్దు. బీడీ, అగ్గిపెట్టె ఎవరి దగ్గరున్నా తీసేయించు, ఎండుటాకుల్లో నిప్పు పడితే ఆగదు. తిరుగు బస్సు దోర్నాల, ఆత్మకూరు మీదుగా కర్నూలుకి.

అచ్చంపేట_యాదగిరి
మా మన్ననూరు దిక్కు నుంచి ఎవరూ రాస్తలేరు. హైదరాబాద్ నుంచి శివరాత్రికి శివమాల వేసుకున్నోళ్ళు వటవర్లపల్లి, దోమలపెంట మీద నడుస్తరు. లారీల పక్కకే నడక, రాత్రి వెనక నుంచి బండి వస్తే గుండె ఆగుతది. మెరిసే పట్టీలు ఎక్కడ దొరుకుతాయి?

అడవిబాట
సైకిళ్ళు అమ్మే షాపుల్లో అడగండి, భుజానికి వేసుకునే పట్టీ తీసుకోండి. సంచి వెనకాల కూడా ఒకటి కట్టండి.

లక్ష్మి_గద్వాల
యాదగిరి అన్నా, శివరాత్రికైతే రాత్రి పాగాలంకరణ చూసే వస్తారా? దీపాలన్నీ ఆర్పి, చీరాల నుంచి తెచ్చిన పాగాని గుడి శిఖరానికి చుడతారు. ఈసారి మా చెల్లెళ్ళని తీసుకెళ్ళాలి, ఎన్ని గంటలకి లోపల కూర్చోవాలి?