నీటిలో డీఎన్‌ఏ దొరికితే చాలు, బీచ్ మూసెయ్యాలా?

తీరవాసి:
2022 మేలో అమెరికాలోని శాన్ డియేగో కౌంటీ బీచ్ నీటి పరీక్షను మార్చింది. అంతకుముందు పేగుల్లో ఉండే ఎంటరోకాకస్ బ్యాక్టీరియాను కల్చర్ చేసి, అంటే ప్రయోగశాలలో పెంచి, లెక్కపెట్టేవారు. ఒక రోజు పట్టేది. ఇప్పుడు డ్రాప్లెట్ డిజిటల్ పీసీఆర్‌తో, అంటే నమూనాను చిన్న చిన్న చుక్కలుగా విడదీసి ఎంజైముతో డీఎన్‌ఏకు ప్రతులు తీసే పద్ధతితో, దాని డీఎన్‌ఏను లెక్కిస్తున్నారు; ఫలితం అదే రోజు వస్తుంది. దాంతో టిహువానా నది మురుగు చేరే ఇంపీరియల్ బీచ్, కరొనాడోలలో మూసివేతలు ఒక్కసారిగా పెరిగాయి. నాకైతే ఇది అన్యాయం. చచ్చిన బ్యాక్టీరియా డీఎన్‌ఏ కూడా లెక్కకొస్తుంది కదా! సమాధులు లెక్కపెట్టి ఊరి జనాభా చెప్పినట్టుంది.

నీటిచుక్క:
మరి నిన్నటి నీటి సంగతి ఇవాళ తెలిస్తే ఎవరికి లాభమండీ? పిల్లలు ఈదులాడి, రెండు గుక్కలు మింగి ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు. పైగా ప్రమాద హద్దులు వేరు: 100 మిల్లీలీటర్లకు కల్చర్‌లో 104 బ్యాక్టీరియా, కొత్త పద్ధతిలో 1,413 డీఎన్‌ఏ ప్రతులు. ఇక కల్చర్‌లో పెరగనిదంతా చచ్చినట్టేనా? కలరా క్రిమి బతికే ఉండి కూడా పెరగని స్థితిలోకి వెళ్తుందని అమెరికా సూక్ష్మజీవ శాస్త్రవేత్త రీటా కోల్వెల్ బృందం 1982లోనే చెప్పింది.

పాత పైపెట్:
ప్రయోగశాలలో పనిచేసినవాడిగా ఒక మాట. ఇద్దరూ పీసీఆర్ ఎక్కువ చూపిస్తుందనే అనుకుంటున్నారు. నా భయం అది తక్కువ చూపించడం గురించి. ఒకసారి టీ డికాషన్‌లా ఉన్న చెరువు నీటిని పరీక్షిస్తే ఏమీ రాలేదు. సంబరపడ్డాం. తీరా చూస్తే, కుళ్లిన ఆకుల నుంచి వచ్చే హ్యూమిక్ ఆమ్లాలు పీసీఆర్‌లో ప్రతులు తీసే ఎంజైమును పనిచేయనివ్వలేదు. పది రెట్లు పలచన చేస్తే డీఎన్‌ఏ బయటపడింది! పైగా 100 మిల్లీలీటర్లు వడపోసినా, చివరికి గొట్టంలోకి వెళ్లేది వాటి నుంచి తీసిన డీఎన్‌ఏ ద్రావణంలో కొన్ని మైక్రోలీటర్లే. చచ్చినవాటి గొడవకు మందుంది: ప్రొపీడియం మోనోఅజైడ్ అనే రంగు. చచ్చి పొర చిరిగిన కణాల్లోకి దూరి, వెలుతురు తగలగానే డీఎన్‌ఏకు అతుక్కుంటుంది. ఇక దాని ప్రతులు తయారుకావు. మురికి నీటిలో మాత్రం వెలుతురు సరిగా చొరదు, ఆ చిక్కు ఉంది.

నీటిచుక్క:
అసలు ఎంటరోకాకస్ మలం కలిసిందని చెప్పే గుర్తు మాత్రమే కదండీ. అది చచ్చినా, దానితో వచ్చిన వైరస్‌లు బతికే ఉండవచ్చు.

తీరవాసి:
ఈ వైరస్‌ల మాట నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా డీఎన్‌ఏ లెక్క హద్దు దాటగానే హెచ్చరిక బోర్డు పెట్టండి చాలు. గేటుకు తాళం వేయాలంటే మాత్రం మురుగు వచ్చిందనడానికి ఇంకో ఆధారం చూపించాలి.