అప్‌డేట్: బ్యాంకాక్ వెళ్లొచ్చాం, పటాయా మానేశాం

"నలుగురు ఫ్రెండ్స్‌మి, చేతిలో శని, ఆదివారాలే. బ్యాంకాక్‌తో పాటు పటాయా కూడా కుదురుతుందా?" అని అడిగాను కదా. కుదరదు. వద్దన్నవాళ్లదే కరెక్టు. గుంటూరు నుంచి శంషాబాద్ బస్సులోనే సగం ఓపిక అయిపోయింది.

శనివారం చతుచక్ మార్కెట్. మో చిట్ స్టేషన్‌లో దిగితే నడిచే దూరమే. అక్కడ సోమ్ టమ్ అని పచ్చి బొప్పాయి తురుము రోట్లో దంచి ఇస్తారు. ఎన్ని మిరపకాయలు వెయ్యమంటావని ఆవిడ వేళ్లు చూపించి అడిగింది. గుంటూరోణ్ణి కదా, ఐదన్నాను. కాయలు చిటికెన వేలంత కూడా లేవు. రెండో ముద్దకే చెవుల్లోంచి పొగలొచ్చాయి. మావాడు వీడియో తీసి గ్రూపులో పెట్టేశాడు, పరువు పోయింది.

ఆదివారం గ్రాండ్ ప్యాలెస్. షార్ట్స్‌తో రానివ్వరని మీరు చెప్పినా వినలేదొకడు. బయట ఏనుగుబొమ్మల ప్యాంటు కొనుక్కున్నాడు (ఇప్పుడదే వాడి నైట్ ప్యాంటు). తర్వాత వాట్ ఫో గుడిలో 46 మీటర్ల శయన బుద్ధుడు. వెనకవైపు వరసగా 108 కంచు గిన్నెలు. ఒక్కోదాంట్లో నాణెం వేసుకుంటూ నడుస్తుంటే హాలంతా టింగు టింగుమని మోగుతుంది. ట్రిప్పు మొత్తంలో నాకదే నచ్చింది.

శాకాహారులు థాయ్ అక్షరాల్లో "జే" (అంటే పూర్తి శాకాహారం) అని రాసిన పసుపు జెండా ఉన్న కొట్టు వెతుక్కోండి, చేప సాస్ బాధ ఉండదు.

ఖర్చెంతయిందో మాత్రం అడక్కండి, పంపకాల గొడవ ఇంకా తేలలేదు.