వృద్ధుల కోసం విరాళాలిచ్చే సంస్థల సంఘంలో చేరాలా? మా చిన్న ఫౌండేషన్‌కు సలహా కావాలి

ప్రశ్న (న్యూజెర్సీ నుంచి)

అందరికీ నమస్కారం. నాన్నగారు పోయాక ఆయన పేరిట ఇక్కడ చిన్న కుటుంబ ఫౌండేషన్ పెట్టాం. ట్రస్టీలం ముగ్గురమే: అన్నయ్య, నేను, మా ఆవిడ. ఏటా 60 వేల డాలర్ల దాకా ఇస్తున్నాం, అంతా పెద్దవాళ్ల కోసమే. మా అమ్మకు కారు నడపడం రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. మూడు గంటలకు వచ్చే మనవల స్కూలు బస్సు కోసం పన్నెండింటి నుంచే కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. అది చూసి మొదలుపెట్టిన పని ఇది.

‘గ్రాంట్‌మేకర్స్ ఇన్ ఏజింగ్’ అనే సంఘంలో చేరమని తెలిసినవారు చెప్పారు. మాలాంటి చిన్నవాళ్లకు అక్కడ చోటుంటుందా? చందా కట్టినందుకు ఏమైనా ఒరుగుతుందా? మేము సాయం చేసే, పగటిపూట పెద్దవాళ్లను చూసుకునే డే కేర్ సెంటర్ నిర్వాహకురాలిని, గుంటూరు దగ్గర మా ఊళ్లో వృద్ధాశ్రమం నడిపే పెద్దాయనను కూడా చేర్పించవచ్చా?

జవాబు (ఫౌండేషన్ల లెక్కలు చూసే వ్యక్తి)

మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎక్కువమంది పొరబడేది అక్కడే. 1982లో మొదలైన ఆ సంఘం ఇచ్చేవాళ్లది, పుచ్చుకునేవాళ్లది కాదు. కుటుంబ ఫౌండేషన్లు, కమ్యూనిటీ ఫౌండేషన్లు, కంపెనీల దాతృత్వ విభాగాలు, ఇలాంటివాళ్ల కోసం పెట్టినది. ఆ నిర్వాహకురాలికీ పెద్దాయనకూ అందులో పని లేదు. నిధుల కోసం వచ్చినవాళ్లు ఎదురుగా కూర్చుని ఉంటే ఏ దాత అయినా ‘ఫలానా చోట మా డబ్బు వృథా అయింది’ అని నోరు విప్పి చెబుతాడా?

చిన్నవాళ్లమనే సంకోచం వద్దు. అమెరికా ఫౌండేషన్లు ఇచ్చే డబ్బులో వృద్ధుల పేరిట చేరేది 2 శాతం కూడా లేదని ఈ రంగంలోని వాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. కొత్తగా వచ్చినవాళ్లను కాదనుకునే పరిస్థితి కాదండీ అది. ఇలాంటి సంఘాల్లో చందా సాధారణంగా సంస్థ ఏటా ఇచ్చే మొత్తాన్ని బట్టి ఉంటుంది. మీ అంకె చెప్పి ఎంతవుతుందో ముందే రాయించుకోండి. సభ్యులు కాకుండానే ఒకటి రెండు సమావేశాలు వినే వీలుందా అని కూడా అడగండి.

లెక్కల సంగతి ఒకటి. సభ్యత్వం ఫౌండేషన్ పేరిటే ఉండాలి, మీ సొంత పేరిట కాదు. సదస్సుకు వెళితే పని మీద వెళ్లే ట్రస్టీల ఖర్చు వరకు పెట్టవచ్చు. ‘ఎలాగూ వెళుతున్నాం కదా’ అని వదినగారినీ పిల్లలనూ తీసుకెళ్లి వాళ్ల టికెట్లు కూడా ఫౌండేషన్ ఖాతాలో రాశారో, స్వప్రయోజన లావాదేవీ అని జరిమానా పన్ను పడుతుంది. నా దగ్గరకు వచ్చే తంటాల్లో సగం ఇవే.

జవాబు (టెక్సస్ నుంచి)

నాకైతే తొందరపడవద్దనిపిస్తోంది. ఆ చందాతో ఎన్ని భోజనాలు పెట్టవచ్చో లెక్క వేసుకోండి. ముందు మీ కౌంటీలో వృద్ధుల సేవల కార్యాలయానికి వెళ్లండి. 1965 నాటి ఓల్డర్ అమెరికన్స్ చట్టం కింద 60 దాటినవారికి భోజనం, రవాణా లాంటివి చూసేది వాళ్లే. ఎక్కడ వెయిటింగ్ లిస్టు ఉందో, ఎక్కడ ఇప్పటికే నిధులు సరిపోతున్నాయో వాళ్లకు తెలుసు. దీనికి పైసా ఖర్చు లేదు.

జవాబు (షికాగో నుంచి)

పై ఇద్దరి మాటా నిజమే. మా అనుభవం చెబుతాను. మేము ఒక సేవాసంస్థకు పది సీట్ల వ్యాను కొనిచ్చాం. రిబ్బను కట్టాం, కొబ్బరికాయ కొట్టాం, ఫొటోలు దిగాం. డ్రైవరు జీతం, బీమా ఎవరు కడతారని మాత్రం అడగలేదు. ఏడాదిలో అది కదిలిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మంచు పేరుకుపోయి చక్రాలు కూడా కనబడేవి కావు. తప్పు మాదే.

తరువాత దాతల సమావేశమొకదానిలో ఈ గోడు వెళ్లబోసుకుంటే పక్కనున్నావిడ కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ పద్ధతి చెప్పింది. వ్యాను కొనరు. పెద్దవాళ్లే తమకు తెలిసినవాళ్లను తోడు వెతుక్కుంటారు, వాళ్లు నడిపిన మైళ్లకు డబ్బు ఇస్తారు. ఆ మాట రెండేళ్ల ముందు విని ఉంటే బాగుండేదనిపించింది. అయితే మీ ముగ్గురిలో ఒకరైనా నెలకు కొన్ని గంటలు కూర్చుని వినగలిగితేనే చేరండి. అందరికీ ఉద్యోగాలే అయితే, మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఆ చందా దండగ.

ప్రశ్న అడిగినవారు

చాలా సంతోషమండీ. మరి ఊళ్లోని ఆశ్రమం సంగతి?

జవాబు (లెక్కలు చూసే వ్యక్తి)

అది వేరే దారి. ఆశ్రమానికే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో వాళ్ల పేరిట తెరిచిన ఖాతాకే చేరాలి. 2020 సవరణ తరువాత ఒక సంస్థ పుచ్చుకుని ఇంకో సంస్థకు బదిలీ చేయడం కుదరదు, కాబట్టి ‘మా ట్రస్టుకు పంపండి, మేము అందిస్తాం’ అనేవాళ్లను నమ్మవద్దు. ఇక్కడి వైపు కూడా ముందస్తు విచారణ, రాతపూర్వక ఒప్పందం, ఖర్చుల నివేదికలు మీరే చూసుకోవాలి. ముందు పెద్దాయనను రిజిస్ట్రేషన్ కాగితం ఫొటో తీసి పంపమనండి.

ప్రశ్న అడిగినవారు

ఇప్పుడే ఫోను చేశాను. ‘కాగితమా, ఏ కాగితం?’ అన్నారు. అది తేలేదాకా ఊరి మాట ఆపేశాం. సోమవారం అన్నయ్య కౌంటీ ఆఫీసుకు వెళుతున్నాడు, సంఘానికి చందా వివరాలు అడుగుతూ నేను రాస్తున్నాను. ఇంకో సంగతి: డే కేర్ సెంటర్‌కు వ్యాను కొనిద్దామని పోయిన వారమే కొటేషన్ తెప్పించి పెట్టుకున్నాం. దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టాం.